పదో రోజు ఆగిపోయిన ఎయిర్ హ్యాండ్లర్: ఒక ఇంటి కేస్ స్టడీ

రాత్రి పదకొండింటికి ఇంటావిడ ఫోన్. "మెషీన్ ఆగిపోయిందండీ. థర్మోస్టాట్ మీద ఒక్క అంకె కూడా కనిపించట్లేదు." నేను ఆ ఇంట్లో ఎయిర్ హ్యాండ్లర్ (గాలిని చల్లబరిచి ఇల్లంతా తోసే ఏసీ ఇండోర్ యూనిట్) బిగించి వచ్చి అప్పటికి సరిగ్గా పది రోజులు. కొత్త మెషీన్, కొత్త రాగి పైపులు, కొత్త వైరింగ్. థర్మోస్టాట్ స్క్రీన్ పూర్తిగా ఆరిపోయిందంటే 24 వోల్టుల లైన్ ఎక్కడో తెగినట్టు. ఆ లైన్‌ని అలా తెంచడానికే నేను చేత్తో పెట్టిన పరికరం ఒకటి అక్కడ ఉంది: చల్లటి కాయిల్ మీంచి కారే నీళ్లు పట్టే డ్రెయిన్ పాన్‌లో, నీళ్లు పైకి లేస్తే లైన్ తెంచే ఫ్లోట్ స్విచ్. అంటే పాన్ నిండింది. ఆవిడతో ఆ మాట చెప్పేటప్పటికే నాకు టెన్షన్ మొదలైంది.

ఈ కేసు రాస్తున్నది మెషీన్ బాగోలేదని కాదు, అది మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. తప్పు నాది. అది ఎలా దొరికిందో, దొరకడానికి ముందు ఎలా తప్పించుకు తిరిగిందో ఏసీలు బిగించే ఈ పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఇల్లు, పాత మెషీన్, లెక్క

ఒక అంతస్తు ఇల్లు, పైన అటక. మధ్య హాలు మూలలో ఒక చిన్న అర. అందులో నిలువుగా ఎయిర్ హ్యాండ్లర్. కింద ఇంట్లోని గాలి వచ్చి చేరే రిటర్న్ బాక్స్, పైన చల్లగాలి పోయే పెట్టె, అంటే సప్లై ప్లీనమ్, అక్కడి నుంచి అటకలో గదులకు ఫ్లెక్స్ డక్ట్‌లు (వంగే గాలి గొట్టాలు). పాతది 4 టన్నులది. ఇంటివాళ్ల ఫిర్యాదులు మూడు: చల్లబడుతుంది కానీ జిడ్డుగా, చెమ్మగా ఉంటుంది; మూల గది ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది; అర దగ్గర విజిల్ లాంటి చప్పుడు.

టన్ను అన్నది మెషీన్ బరువు అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి కావాలో అది ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూ (వేడి కొలత), అంటే సుమారు 3.5 కిలోవాట్లు. గోడలు, కిటికీలు, పైకప్పు, సందుల్లోంచి దూరే గాలి, మనుషులు, అన్నీ గది గదికీ లెక్క వేస్తే ఈ ఇంటికి కావాల్సిన చల్లదనం 9.4 కిలోవాట్లు తేలింది. అంటే 2.7 టన్నుల దాకా. చలికాలం లెక్క 8 కిలోవాట్లు. కాబట్టి 3 టన్నుల హీట్ పంపు (చలికాలంలో వెచ్చదనం కూడా ఇచ్చే ఏసీ), దానికి జతగా అదే కెపాసిటీ ఎయిర్ హ్యాండ్లర్, బాగా చలిగా ఉన్న రోజులకూ, బయటి యూనిట్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్ సమయానికీ 10 కిలోవాట్ల హీటర్ కిట్.

"ఉన్నదానికన్నా చిన్నది పెడుతున్నారేంటండీ" అని ఇంటాయన అనుమానపడ్డారు. పెద్ద మెషీన్ గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని చెమ్మ కాయిల్ మీద నీరుగా మారి, జారి, బయటికి పోవాలంటే మెషీన్ ఎక్కువ సేపు నడవాలి. ఆ చెమ్మకు పాత 4 టన్నులే సగం కారణం అని చెప్పాను. మిగతా సగం ఏమిటో అప్పటికి నాకూ తెలియదు.

బిగించిన రోజు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ పెద్దగా తప్పు జరగలేదు. పాత గ్యాస్‌ని రికవరీ సిలిండర్‌లోకి లాగి, పాత యూనిట్ దించాం. పైపులు పాతవి వాడలేదు. లిక్విడ్ లైన్ 3/8 అంగుళం, సక్షన్ లైన్ 3/4 అంగుళం, పొడవు 30 అడుగులు. అతుకులు వేడి చేస్తున్నంతసేపూ పైపు లోపల సన్నగా నైట్రోజన్ పారుతూనే ఉంది. దింపిన పాత పైపులో ఒక అతుకు కోసి నా హెల్పర్‌కి చూపించాను: లోపలంతా నల్లటి పెచ్చులు. ఎవరో నైట్రోజన్ లేకుండా అతికారు. ఆ పెచ్చులు ఊడి కొట్టుకుపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జాలీలో ఇరుక్కుంటాయి.

తర్వాత నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్, ఆపైన వాక్యూమ్. వాక్యూమ్ ఎంత లోతుందో చూపే మైక్రాన్ గేజ్ 380 చూపించాక వాల్వ్ మూసి పావుగంట ఆగితే 460 దగ్గర నిలబడింది. పైకి పాకుతూనే ఉంటే లీకో, లోపల తడో ఉన్నట్టు. ఇది నిలబడింది కాబట్టి సరే. అవుట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాక్టరీ నింపిన ఆర్-410ఏ గ్యాస్ 15 అడుగుల పైపుకు సరిపోతుందని దాని ప్లేట్ మీదే ఉంది. మిగతా 15 అడుగులకు అడుక్కి 0.6 ఔన్సుల చొప్పున 9 ఔన్సులు, కాటా మీద తూచి, లిక్విడ్‌గానే ఎక్కించాం.

కరెంటు విషయం ఒక్కటి చెప్పాలి. 10 కిలోవాట్ల హీటర్ 240 వోల్టుల దగ్గర దాదాపు 42 ఆంపులు లాగుతుంది. బ్లోయర్‌ని కలుపుకుని, పైన పాతిక శాతం లెక్క వేస్తే 60 ఆంపుల బ్రేకర్, దానికి తగ్గ కేబుల్ కావాలి. పాతది 40 ఆంపులది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త లైన్ లాగేసరికి సాయంత్రం అయింది. ఆ సాయంత్రమే కొంప ముంచింది.

ఎందుకంటే అప్పటికి మూడు పనులు మిగిలాయి. ఒకటి, డ్రెయిన్ పైపు: పాత పైపు గోడలోకి వెళ్లే చోటే కొత్త పాన్ అవుట్‌లెట్‌కి దాదాపు ఎదురుగా ఉంది, చిన్న ట్రాప్ (నీళ్లు నిలిచే పైపు వంపు) ఒకటి పెట్టి దానికే కలిపేశాను. రెండు, రిటర్న్ గ్రిల్, అంటే ఇంట్లోని గాలి మెషీన్‌లోకి వెళ్లే జాలీ: ఉన్నది 20×20 అంగుళాలది ఒక్కటే, అందులో ఒక అంగుళం మందం ఫిల్టర్. ముట్టుకోలేదు. 4 టన్నుల మెషీన్ ఇన్నేళ్లు దీని మీదే నడిచింది కదా, 3 టన్నులకు చాలదా అనుకున్నాను. మూడు, స్టాటిక్ ప్రెషర్, అంటే డక్ట్‌లలో గాలి ఒత్తిడి కొలవడం. దాన్ని కొలిచే మానోమీటర్ బ్యాగ్‌లోనే ఉంది. తీయలేదు.

అర నేల మీద ఒక తెల్లటి నీటి మరక గుండ్రంగా ఉండడం ఆ రోజే చూశాను. పాత పాన్ తుప్పు పట్టి కారి ఉంటుందిలే అని తుడిచేశాను.

గాలి వేస్తే చల్లగా వచ్చింది. చప్పుడు కొంచెం ఉంది. ఇంటావిడ "కొత్తదే కదండీ, ఇది కూడా విజిల్ వేస్తోందేంటి?" అంటే, "రెండ్రోజుల్లో సర్దుకుంటుందండీ" అన్నాను. ఇన్నేళ్ల అనుభవంలో ఏ మెషీన్ చప్పుడూ దానంతటదే సర్దుకోవడం నేను చూడలేదు. అయినా అలా అన్నాను.

ఆపితే పారే నీళ్లు

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ప్యానెల్ తీసి చూస్తే పాన్‌లో నీళ్లు లేవు! ఫ్లోట్ స్విచ్ కిందికి దిగి ఉంది, థర్మోస్టాట్ వెలుగుతోంది. డ్రెయిన్‌లో ఒక సీసా నీళ్లు పోశాను, గుటుక్కున మింగేసింది. పైపులో చెత్త ఏదో అడ్డుపడి దానంతటదే పోయి ఉంటుందనుకుని, వాక్యూమ్ క్లీనర్‌తో బయటి చివర నుంచి లాగి, శుభ్రం చేసి వచ్చేశాను.

మూడో రోజు మళ్లీ అదే ఫోన్.

ఈసారి మెషీన్ ఆపకుండా, ప్యానెల్ మూసే ఉంచి, డ్రెయిన్ పైపు పక్కన నేల మీద కూర్చున్నాను. పది నిమిషాలు, పావుగంట. బయట పైపు చివర చుక్క లేదు. ట్రాప్‌లోంచి మాత్రం గుడగుడమని చప్పుడు, హుక్కాలో లాగా. హెల్పర్‌ని థర్మోస్టాట్ ఆపమన్నాను. బ్లోయర్ తిరగడం ఆగిందో లేదో, గడగడమంటూ నీళ్లు పైపులోంచి ధారగా పోయాయి. ఒక అర బకెట్ ఉంటాయి.

మొదటిసారి నాకు దొరకనిది ఇదే. నేను చూసినప్పుడు మెషీన్ ఆగి ఉంది, ఆగి ఉన్నప్పుడు ఆ డ్రెయిన్‌కి ఏ రోగమూ లేదు. రోగం బ్లోయర్ తిరిగేటప్పుడే.

ఈ రకం ఎయిర్ హ్యాండ్లర్‌లో గాలి ముందు కాయిల్ దాటుతుంది, తర్వాతే బ్లోయర్. కాబట్టి కాయిల్, దాని కింది పాన్ రెండూ బ్లోయర్ లాగే వైపు ఉంటాయి. పాన్ ఉన్న చోట గాలి ఒత్తిడి బయటి గది కన్నా తక్కువ. స్ట్రాతో పీల్చినట్టు, బ్లోయర్ డ్రెయిన్ పైపులోంచి కూడా గాలిని లోపలికి పీలుస్తుంటుంది. ఆ పీల్పుకు అడ్డుగా నీళ్ల మూత పెట్టేదే ట్రాప్. పీల్పు ఎంత ఉంటే, పాన్ అవుట్‌లెట్‌కీ ట్రాప్ అవతలి అంచుకీ మధ్య దిగుడు అంతకన్నా ఎక్కువ ఉండాలి. మేము కనీసం ఒక అంగుళం అదనంగా వేసుకుంటాం. దిగుడు చాలకపోతే నీళ్లు బయటికి పోవు. పాన్‌లోనే పైకి లేస్తూ ఉంటాయి. నా ట్రాప్ దిగుడు టేపు పెట్టి కొలిస్తే ముప్పావు అంగుళం.

మరి పీల్పు ఎంత? అప్పుడు తీశాను మానోమీటర్.

అంకెలు

ఈ పనిలో గాలి ఒత్తిడిని నీటి మట్టం అంగుళాల్లో చెబుతారు. ఒక అంగుళం అంటే సుమారు 249 పాస్కల్‌లు. ఈ ఎయిర్ హ్యాండ్లర్ ప్లేట్ మీద రాసిన బయటి స్టాటిక్ 0.5 అంగుళం, రిటర్న్ వైపు లాగడానికి, సప్లై వైపు తోయడానికి రెండూ కలిపి అంతలో ఉండాలి. యూనిట్‌కి ముందు రిటర్న్ బాక్స్‌లో ఒక చిన్న రంధ్రం, పైన ప్లీనమ్‌లో ఒకటి. కాయిల్‌కి తగలకుండా చూసుకుని వేయాలి.

రిటర్న్ వైపు మైనస్ 0.66. సప్లై వైపు ప్లస్ 0.16. మొత్తం 0.82.

సప్లై అంకె చూసి సంతోషపడాల్సిన పనిలేదు. పీల్చుకోవడానికే గాలి లేనప్పుడు తోయడానికి ఏముంటుంది? ముక్కు మూసి పరుగెత్తమన్నట్టుంది మెషీన్ పని. ఫిల్టర్‌కి ఇవతలా అవతలా గొట్టాలు పెడితే ఆ ఒక్క ఫిల్టరే 0.44 మింగుతోంది. కాయిల్ తన వంతు మరో 0.25 తీసుకుంటుంది కాబట్టి పాన్ దగ్గర పీల్పు మొత్తం 0.91 అంగుళం. ట్రాప్ దిగుడు 0.75. నీళ్లు పాన్‌లో నిలబడడంలో ఆశ్చర్యమేముంది?

కొత్త ఫిల్టర్ పెట్టి చూశాను. రిటర్న్ మైనస్ 0.45కి దిగింది, గాలి పెరిగి కాయిల్ వంతు కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి పాన్ దగ్గర పీల్పు లెక్క ప్రకారం 0.74. ముప్పావు అంగుళానికి గోరంత తక్కువ. మొదటి పది రోజులు ఎందుకు గడిచాయో అప్పుడు అర్థమైంది. మేము పైకప్పు కోసిన దుమ్ము, ఇంట్లో దుమ్ము కలిసి ఫిల్టర్ కొంచెం నిండగానే గీత దాటింది.

గాలి ఎంత పోతోందో ఇంకో దారిలో కూడా సరిచూసుకున్నాను. హీట్ పంపు ఆపి హీటర్ మాత్రమే వేసి, వోల్టులు, ఆంపులు కొలిచి, బ్లోయర్ వాట్లు కలిపితే మొత్తం వేడి 9,750 వాట్లు. రిటర్న్ గాలికీ సప్లై గాలికీ తేడా 20.7 డిగ్రీల సెల్సియస్. వాట్లను 1.2తోనూ ఈ తేడాతోనూ భాగిస్తే సెకనుకు ఎన్ని లీటర్ల గాలో వస్తుంది: 392. అంటే 830 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). థర్మామీటర్‌ని హీటర్ కాయిల్స్ కనిపించే చోట పెట్టకూడదు. వాటి సెగ నేరుగా తగిలి తప్పు అంకె వస్తుంది, డక్ట్ మలుపు దాటాక పెట్టాలి.

నాకు కావాల్సింది 1,100 సీఎఫ్‌ఎం. టన్నుకు 400 అన్నది మామూలు లెక్క, చెమ్మ ఎక్కువగా ఉన్న చోట 350 దాకా తగ్గిస్తాం. ఇక్కడ వస్తున్నది టన్నుకు 277. కూలింగ్‌లో గ్యాస్ ఒత్తిడి చూపే సక్షన్ గేజ్ 98 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపించింది. ఆర్-410ఏకి 101 దగ్గరే సున్నా డిగ్రీలు, అంటే కాయిల్ గడ్డ కట్టే అంచు దాటింది. ఇలాంటి గేజ్ చూసి "గ్యాస్ తగ్గింది" అని సిలిండర్ తెరిచేవాళ్లు చాలామంది. గ్యాస్ సరిపడా ఉందో లేదో చెప్పే సబ్‌కూలింగ్ కొలత ప్లేట్ మీద రాసినంతే ఉంది. గ్యాస్ తగ్గలేదు, గాలి తగ్గింది. అక్కడ గ్యాస్ ఎక్కించి ఉంటే మరో నెలకు కంప్రెసర్ గురించి రాస్తూ ఉండేవాణ్ణి.

అన్నట్టు, పాత 4 టన్నుల మెషీన్ ఈ గ్రిల్ మీద "బాగా నడిచింది" అన్న నా ఊహ సంగతి. అది 1,600 సీఎఫ్‌ఎం అడిగే మెషీన్. 20×20 గ్రిల్ అంటే 400 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 2 సీఎఫ్‌ఎం చొప్పున వేసుకునే మోటు లెక్కలో 800 దాటకూడదు. అది ఇన్నేళ్లూ ఊపిరాడకుండానే నడిచింది. విజిల్, వెచ్చటి మూల గది, నేల మీది మరక, అన్నీ అదే చెప్పాయి. నేను మరకను తుడిచేశాను.

రిపేరు

అర మూలలో ఉండడం కలిసొచ్చింది. దానికి రెండు గోడలు బయటికి ఉన్నాయి: ఒకటి హాలులోకి, రెండోది కారిడార్‌లోకి. కారిడార్ వైపు గోడ కోసి రిటర్న్ బాక్స్‌లోకి నేరుగా రెండో 20×20 గ్రిల్ పెట్టాం. కొత్త డక్ట్ ఒక్క అడుగు కూడా అవసరం పడలేదు.

ఫిల్టర్ దగ్గర ఇంటావిడతో కొంచెం వాదన జరిగింది. దుమ్ము పడదు, అందుకే సన్నటి దుమ్మును కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ వాడుతున్నారు. పలచటి ఫిల్టర్ పెట్టుకోండి అని చెప్పడం నాకు తేలిక. కానీ ఫిల్టర్ సన్నగా వడగట్టడం తప్పు కాదు, దానికి తగినంత వెడల్పు, లోతు ఇవ్వకపోవడమే తప్పు. రెండు గ్రిల్స్‌లోనూ 4 అంగుళాల లోతున్న మెర్వ్ 13 పట్టేలా ఫ్రేములు మార్చాం. ఒక్కో గ్రిల్ మీదుగా గాలి వేగం నిమిషానికి 300 అడుగుల నుంచి 200కి దిగింది. విజిల్ పోయింది.

డ్రెయిన్ పాత దారి మూసేసి, గోడలో కిందుగా కొత్త రంధ్రం వేశాను. ట్రాప్ దిగుడు 3 అంగుళాలు, అందులో నీళ్ల మూత అంగుళంన్నర. ట్రాప్ దాటాక గాలి గొట్టం, పైపు వాలు అడుక్కి పావు అంగుళం. ట్రాప్‌కి పైన శుభ్రం చేసుకోవడానికి మూత ఉన్న టీ (T) ఆకారపు పైపు ముక్క కూడా వేశాను, దానికి మూత తప్పనిసరి. తెరిచి ఉంటే ట్రాప్ ఉన్నా లేనట్టే. ఈసారి పరీక్ష ప్యానెల్స్ అన్నీ బిగించి, బ్లోయర్ పూర్తి వేగంతో తిరుగుతుండగానే చేశాను. కూలింగ్ మీద అరగంట నడిచేసరికి బయట పైపు చివర నుంచి చుక్క చుక్క మొదలై, ఆగలేదు.

మళ్లీ కొలిచాను. రిటర్న్ మైనస్ 0.22, సప్లై ప్లస్ 0.28, మొత్తం 0.50. సప్లై అంకె 0.16 నుంచి పెరిగిందేంటని హెల్పర్ కంగారు పడ్డాడు. పెరగాల్సిందే. డక్ట్‌లు అవే, పారే గాలి పెరిగింది. గాలి మూడోవంతు పెరిగితే ఒత్తిడి దాని వర్గంలో, అంటే ముప్పావు వంతు పెరుగుతుంది. హీటర్ పరీక్షలో తేడా 20.7 నుంచి 15.6 డిగ్రీలకు దిగింది, లెక్క వేస్తే 1,100 సీఎఫ్‌ఎం. రెండు దారుల్లో కొలిచినవి ఒకదాన్నొకటి ఒప్పుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. కూలింగ్‌లో సక్షన్ 122 పీఎస్ఐ, కాయిల్ 5 డిగ్రీల పైన. గ్యాస్ ముట్టుకోలేదు.

మూల గది విషయం వేరే. అటకలో దాని ఫ్లెక్స్ డక్ట్ రెండు చోట్ల ఊయలలా వేలాడుతూ, ఒక కమ్మీ కింద నలిగి ఉంది. దాన్ని తీసేసి 7 అంగుళాలది బిగుతుగా లాగి కట్టాం. అతుకులన్నీ మాస్టిక్ అనే చిక్కటి సీలెంట్‌తో పూశాం. గుడ్డ టేపు చుట్టి వదిలేయడం మా పనిలో పాత జబ్బు. 1998లోనే అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ డక్ట్ అతుకుల మీద రకరకాల సీలెంట్లు పరీక్షిస్తే, వేడికీ చలికీ తట్టుకోలేక ఓడిపోయింది డక్ట్ టేపే. పేరులో డక్ట్ ఉంది కాబట్టి ఇప్పటికీ అదే కొంటారు.

ఇవన్నీ నా ఖర్చు మీదే చేశాను, మూల గది డక్ట్ తప్ప. అది మొదటి ఒప్పందంలో లేదు, ఇంటాయనే ఇస్తానన్నారు.

నెల తర్వాత

ఎయిర్ హ్యాండ్లర్ ప్యానెల్ లోపలి వైపు మార్కర్‌తో తేదీ, రెండు ప్రెషర్లు, ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పటి అంకె రాసి పెట్టాను. నెల తర్వాత వెళ్లి చూస్తే రిటర్న్ 0.22 నుంచి 0.24కి జరిగింది, అంతే. ఇంట్లో చెమ్మ 65 శాతం దగ్గర తిరిగేది, ఇప్పుడు 52 దగ్గర ఉంటోంది. అర నేల పొడిగా ఉంది. ఈసారి టార్చి వేసి మరీ చూశాను.

మూల గది మాత్రం సాయంత్రం నాలుగు దాటితే ఇంకా ఒక డిగ్రీ ఎక్కువే ఉంటోంది. గదిలోకి పోయే గాలి కొలిచాను, లెక్కలో రాసుకున్నంతా వస్తోంది. పడమటి గోడకు నిలువెత్తు అద్దం కిటికీ ఉంది, పరదా లేదు. "దాన్ని కూడా మీరే చూడండి" అన్నారు ఇంటావిడ. పరదా బిగించడం నాకు రాదని చెప్పి వచ్చేశాను.